చూడని సరుకుకు పూచీ సంతకం

(సమాఖ్య వార్షిక మహాసభలో మాదన్నపేట పొదుపు సంఘం లీడర్ మాట్లాడినది)



చిన్న రైతు పండించిన తిండి, ఫ్యాక్టరీలో తయారైన తిండి అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఉపన్యాసం చెప్పడం నాకు రాదు. ఈ సంవత్సరం మా సంఘంలో దీని మీదనే ఒక పంచాయితీ నడిచింది, రెండు నెలలు నడిచింది. అది ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అందులో నా తప్పు కూడా ఉంది, అది కూడా చెప్తాను.

మా సంఘంలో పది మందిమి. అందులో ఆరుగురం కలిసి అల్లం ఎల్లిగడ్డ ముద్ద చేస్తాం. బ్యాంకు లింకేజీ లోన్‌లోనే ఒక పెద్ద గ్రైండర్, ఒక ఫ్రిజ్ తీసుకున్నాం. మన పాతబస్తీలో అల్లం ఎల్లిగడ్డ లేకుండా పొయ్యి మీద ఏదీ ఎక్కదు గదా. పెళ్లి అయినా, చల్లా అయినా, దావత్ అయినా ముందు అదే కావాలి. కాబట్టి సరుకు అమ్ముడుపోదు అన్న భయం మాకు లేకుండె. భయం రేటు దగ్గర వచ్చింది.

లెక్క చెప్తాను, రాసుకునే వాళ్లు రాసుకోండి. మేం లెక్క కట్టిన నెలలో అల్లం కిలో 90 రూపాయలు, ఎల్లిగడ్డ కిలో 160. రెండూ కలిపి 250. రెండు కిలోలు పొట్టు తీసి, కడిగి, ఆరబెట్టి నూరితే రెండు కిలోలు రాదు, కిలో ఏడు వందల గ్రాములు వస్తది. అంటే కిలో ముద్దకు సరుకే 147 రూపాయలు. ఉప్పు, పసుపు, కొంచెం నూనె, కరెంటు, డబ్బా, ఆటో కలిపితే ఇంకో 28. మొత్తం 175 పడుతది. మేం 220కి అమ్మితే 45 మిగులుతది. నెలకు 150 కిలోలు పోతే 6,750. ఆరుగురం పంచుకుంటే మనిషికి వెయ్యి నూట పాతిక. ఎల్లిగడ్డ పొట్టు తీసి తీసి గోళ్లు మండుతయి, రాత్రి అన్నం కలుపుకోలేం. ఆ మంటకు నెలకు వెయ్యి నూట పాతిక.

ఇట్ల ఉన్నప్పుడు ఒక హోల్‌సేల్ ఆయన వచ్చిండు. మంచిగనే మాట్లాడిండు, మమ్మల్ని అక్కా అని పిలిచిండు. "మీరెందుకు ఇంత కష్టపడతరు? మా దగ్గర తయారైన పేస్ట్ ఉన్నది, డ్రమ్ములల్ల తెచ్చి దింపుతం. కిలో 85. మీరు చిన్న డబ్బాలల్ల నింపి మీ మహిళా సంఘం స్టిక్కర్ వేయండి. 180కి అమ్మినా ఎగబడి కొంటరు. జనానికి మహిళా సంఘం అంటే నమ్మకం" అన్నడు. డబ్బా, స్టిక్కర్ పది రూపాయలు తీసేసినా కిలోకు 85 మిగులుతది. నెలకు 300 కిలోలు పోతదని ఆయన లెక్క. అంటే 25,500. మనిషికి నాలుగు వేల పైన. గోళ్లు మండవు.

మీటింగ్‌లో నలుగురు సరే అన్నారు. అందులో నేనూ ఉన్నాను. లీడర్‌ని అయ్యుండి మొదట చెయ్యి లేపింది నేనే. ఒక చెల్లెకు బిడ్డ ఇంటర్ ఫీజు కట్టాల్సి ఉండె, ఆమె మొఖం చూసి అన్ననని అప్పుడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా చేతులు చూసుకుని కూడా అన్నాను.

మా ఆపా ఒకామె ఉన్నది, అందరికంటే పెద్దది, సంతకం ఉర్దూలో పెడుతది. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "అల్లం కిలో తొంభై, ఎల్లిగడ్డ కిలో నూట అరవై. మరి ఈ రెండూ కలిపి నూరిన ముద్ద ఎనభై ఐదుకు ఎట్ల వస్తది? నాకు సమ్‌ఝాయించు" అన్నది.

ఎవరికీ జవాబు రాలేదు. నాకు కూడా రాలేదు. ఫ్యాక్టరీ వాళ్లు లారీల లెక్కన కొంటరు, మనకంటే తక్కువకు వస్తది, అది నిజమే. కానీ సగానికి సగం తక్కువకైతే రాదు. మిగతాది ఎక్కడి నుంచి తగ్గుతది?

మరుసటి రోజు నేను దుకాణంలో అమ్మే ఒక పేస్ట్ ప్యాకెట్ తెచ్చి, వెనక ఉన్న చిన్న అక్షరాలు నా కొడుకుతోని చదివించాను. ఇది మీరందరూ తెలుసుకోవాల్సిన సంగతి. ప్యాకెట్ వెనక ఏమేం కలిపిన్రో రాస్తరు గదా, అది ఇష్టం వచ్చిన వరుసలో రాయడానికి లేదు. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలి, అట్ల తగ్గుకుంటూ రావాలి. అది చట్టం. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే చాలు, మనం దేనికి పైసలు ఇస్తున్నమో తెలుస్తది. ఆ ప్యాకెట్ మీద ఎల్లిగడ్డ, తర్వాత నీళ్లు, తర్వాత అల్లం, ఉప్పు, ఆ తర్వాత చిక్కదనానికి ఒక జిగురు, పులుపుకు సిట్రిక్ యాసిడ్. అందులో దొంగతనం ఏమీ లేదు, రాసి మరీ అమ్ముతున్నరు. నీళ్లను జిగురుతోని గట్టిపరిచి అల్లం రేటుకు అమ్ముడు అది. రాయకుండా అమ్మేటోళ్ల సంగతి వేరే. మన రాజేంద్రనగర్, కాటేదాన్ వైపు నకిలీ పేస్ట్ చేసేటోళ్లను పోలీసులు పట్టుకున్నట్టు టీవీలో ఎన్నిసార్లు చూడలేదు? రంగులు, యాసిడ్లు డబ్బాలకు డబ్బాలు బయటికి తీసిన్రు.

ఆ హోల్‌సేల్ ఆయన డ్రమ్ములో ఏమున్నదో నాకు తెలువదు. మంచిదే అయి ఉండొచ్చు. కార్ఖానా చూపించమని అడిగితే దూరం అన్నడు. స్టిక్కర్ మీద ఎవరు తయారు చేసిన్రో వాళ్ల పేరు రాస్తమంటే మాత్రం వద్దన్నడు. తయారు చేసినది ఒకరు, ప్యాక్ చేసినది ఇంకొకరు అయితే ఇద్దరి పేరు వివరాలు రాయాలి. అది దాచిపెడితే సంఘం అబద్ధం ఆడినట్టే. ఎవరికన్నా కడుపు నొప్పి వస్తే స్టిక్కర్ మీద ఉండేది మన లైసెన్స్ నంబర్, మన బస్తీ పేరు.

అప్పటికి కూడా తీర్మానం కాలేదు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు, మిగిలినోళ్లు మీరెట్లంటే అట్ల అన్నారు. ఇంతల సంక్రాంతి వచ్చింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ప్రతి సంవత్సరం సంక్రాంతి నుంచి నెల రోజులు పాత పంటల జాతర చేస్తరు. ఎడ్లబండ్లను అలంకరించి, వాటిల్ల పాత విత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు. మా దగ్గర ఒకామె పుట్టిల్లు అటువైపే. ఆమె పోరు పెడితే ఐదుగురం ఎంజీబీఎస్‌లో బస్సు ఎక్కినం. వంద కిలోమీటర్ల పైన ఉంటది.

నేను ఈ సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అక్కడ చూసినాకనే నా తలకాయకు ఎక్కింది.

ఆ సంఘాల్లో ఎక్కువ మంది దళిత ఆడవాళ్లు. ఎకరం, రెండెకరాల భూమి, అది కూడా రాళ్ల భూమి, నీళ్లు లేవు. నలభై ఏండ్ల కింద సంఘాలు మొదలైనప్పుడు మనలెక్కనే చిట్టీ పైసలతోని మొదలైనయట. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక ఏమైంది? బియ్యం చవకగా వస్తుంటే జొన్న ఎవరు వేస్తరు? చిన్న చిన్న భూములు బీడు పడ్డయి. కడుపు నిండింది, కానీ పని పోయింది, పశువుకు మేత పోయింది, ఇంట్ల జొన్నరొట్టె పోయింది. ఆకలికి బియ్యం ఇచ్చుడు తప్పని నేను అనను. మన ఇండ్లల్ల ఆ బియ్యంతోనే పొయ్యి వెలిగింది. కానీ ఆ ఆడవాళ్లు ఇంకో దారి చూసిన్రు. 1990ల నడుమ ముప్ఫైకి పైగా ఊళ్లల్ల, రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూమి మళ్లీ దున్నిన్రు. దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి, కలుపుకు పైసలు అప్పు. ఆ అప్పు పైసల్లో కాదు, జొన్నల్లో తిరిగి కట్టాలె. ఆ జొన్నలు ఊర్లనే నిల్వ పెట్టి, పని దొరకని కాలంలో ఊర్లె పేదోళ్లకు తక్కువ ధరకు అమ్మిన్రు. ఎవరు పేదోళ్లు అనేది కూడా సంఘమే తేల్చింది. అంటే రేషన్ దుకాణం వాళ్లదే, సరుకు వాళ్లదే, లిస్టు వాళ్లదే.

విత్తనం కూడా అట్లనే. బుట్టల్లో బూడిద, యాపాకు వేసి, పైన మట్టి, పేడతోని అలికి పెడతరు. ఒకరికి విత్తనం కావాలంటే పైసలు తీసుకోరు. పిరికెడు తీసుకుంటే పంట వచ్చినాక రెండు పిరికెళ్లు ఇవ్వాలె. మన ఇంటర్నల్ లెండింగ్ లెక్కనే, కానీ వడ్డీ గింజల్లో.

చేన్లలో ఒక్క పంట ఉండదు. జొన్న, కంది, పెసర, కొర్ర, అనుములు, నువ్వులు, పుంటికూర అన్నీ ఒకదాని పక్కన ఒకటి. ఒకటి పోతే ఒకటి నిలబడుతది. చలికాలంల వానలేకుండా, బోరు లేకుండా మంచుకే పెరిగే పంటలను సత్యం పంటలు అంటరట. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఇంకోటి, మనం కలుపు అని పీకి పారేసే దాంట్లనే వాళ్లకు కూర ఉన్నది. తుమ్మికూర, దొగ్గలికూర, ఇట్లాంటివి విత్తకుండానే వస్తయి. కలుపు మందు కొడితే ఆ కూర చస్తది. మందు కొట్టినాయన కూర కొనుక్కోవాలె. 2008ల వాళ్లు మాచ్‌నూర్‌ల సొంత రేడియో పెట్టుకున్నరు, 2019ల ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. కానీ నేను వచ్చింది ప్రైజ్ సంగతి చెప్పడానికి కాదు.

అక్కడ ఒక పెద్దమ్మను అడిగినం, అమ్మా, మీరు మందు కొట్టకుండ పండిస్తమంటరు, కొనేటోడు ఎట్ల నమ్మాలె అని. ఆమె చెప్పింది, మేం ఒకరి చేను ఒకరం పోయి చూస్తం, చూసి పూచీ పడతం అని. ఒక్కామె తప్పు చేస్తే గుంపు మొత్తానికి మాట పోతది. పైనుంచి ఇన్స్‌పెక్టర్ వచ్చి ముద్ర కొట్టుడు కాదు, పక్క చేను ఆమే ఇన్స్‌పెక్టర్. దానికి సర్కారు పద్ధతి కూడా ఉన్నదట, పీజీఎస్ అంటరు.

పూచీ అన్న మాట వినంగనే మా ఐదుగురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. అక్కలారా, మనకు పూచీ అంటే ఏందో వేరేవాళ్లు చెప్పాల్నా? మన దగ్గర జామీనుకు ఇల్లు లేదు, బంగారం లేదు. పది మంది ఒకరికొకరు పూచీ పడితే బ్యాంకు లక్షలు ఇచ్చింది. ఎవరన్నా కిస్తు కట్టకపోతే మిగిలిన తొమ్మిది మంది ఎట్ల తిరుగుతమో మనకు తెలుసు. మనం ఇల్లు చూడకుండ, మనిషిని తెలుసుకోకుండ సంఘంలో చేర్చుకుంటమా? చేర్చుకోం. మరి చూడని డ్రమ్ముకు మా సంఘం స్టిక్కర్ వేసుడంటే ఏంది? మొఖం తెలువని మనిషి లోన్ ఫారం మీద పది మంది సంతకం పెట్టినట్టే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులోనే తీర్మానం అయిపోయింది. మినిట్స్ బుక్కులో మరుసటి మీటింగ్‌లో రాసుకున్నం.

వద్దన్నాక ఏమైందో కూడా చెప్పాలె, లేకపోతే కథ చెప్పినట్టు అయితది. ఒక ఫంక్షన్ హాల్ వంట మేస్త్రి మా దగ్గర నెలకు నలభై కిలోలు కొంటుండె, ఆయన డ్రమ్ము పేస్ట్‌కు మారిండు. 220 ఇయ్యలేనన్నడు, ఆయన కష్టం ఆయనది. రెండు నెలలు మనిషికి ఎనిమిది వందలే వచ్చినయి. ఫీజు కట్టాల్సిన చెల్లె నాతోని వారం మాట్లాడలేదు. ఆమెకు సంఘం పొదుపు నుంచి అప్పు ఇచ్చినం, ఇంకా కడుతున్నది.

ఇంకో నష్టం మా తెలివితక్కువతోని అయింది. ఎక్కువ రోజులు ఆగుతదని ఒకసారి నిమ్మరసం కలిపినం. తెల్లారేసరికి ముద్ద పచ్చగా, కొంచెం నీలంగా మారింది. ఖరాబ్ అయిందని పన్నెండు కిలోలు పారబోసినం. తర్వాత ట్రైనింగ్‌లో మేడం చెప్పింది, ఎల్లిగడ్డను పులుపుతోని కలిపితే ఒక్కోసారి అట్ల రంగు మారుతదట, తింటే ఏం కాదట. రెండు వేల రూపాయల సరుకు మోరీ పాలైంది. మీరెవరన్నా చేస్తుంటే పారబోయకండి.

మంచి జరిగింది అల్లం దగ్గర. జహీరాబాద్ వైపు అల్లం బాగ పండుతదని మీకు తెలుసు. బస్సు కోసం నిలబడినప్పుడు మార్కెట్ దగ్గర ఒక చిన్న రైతు, ఆయన భార్య బస్తాలు పెట్టుకొని ఉన్నరు. ముచ్చట పెట్టినం. ఇప్పుడు వాళ్లు పదిహేను రోజులకు ఒకసారి ఆర్టీసీ కార్గోల బస్తా వేస్తరు, మేం ఎంజీబీఎస్‌ల దింపుకుంటం. మధ్యల కమీషన్ లేదు, కాబట్టి వాళ్లకు నాలుగు రూపాయలు ఎక్కువ, మాకు ఆరు రూపాయలు తక్కువ. మట్టి అంటుకొని వస్తది, కడుక్కుంటం. కడిగి మెరిపించిన అల్లం కంటే నాకు మట్టి అల్లమే నమ్మకం. ఆ రైతు మందు కొట్టనని చెప్పలేదు. ఎప్పుడు కొట్టిండో అడిగితే చెప్తడు. అందుకే మా స్టిక్కర్ మీద ఆర్గానిక్ అని రాయలేదు. ఒక మేడం రాయండి, రేటు పెరుగుతది అన్నది. రాయలేదు. ఎల్లిగడ్డ మాత్రం ఇప్పటికీ మలక్‌పేట గంజ్‌లనే కొంటున్నం. అది మధ్యప్రదేశ్ నుంచి వస్తది, ఆ చేను చూడలేం. స్టిక్కర్ మీద అల్లం జహీరాబాద్, ఎల్లిగడ్డ గంజ్ అని ఉన్నది ఉన్నట్టే రాసినం.

ఇప్పుడు వారానికి రెండుసార్లు కొంచెం కొంచెం నూరుతం, అర కిలో డబ్బాలు. యాభై రెండు ఇండ్లు రెగ్యులర్‌గా తీసుకుంటున్నయి. పోయిన నెల మనిషికి 1,340 వచ్చింది. నాలుగు వేలు కాదు.

ఇక మన దుకాణాల సంగతి. ఇది చెప్తే కొందరికి కోపం వస్తది, అయినా నాది కూడా దుకాణమే కాబట్టి ముందు నన్ను నేనే అనుకుంటున్నాను. సంఘం లోన్‌తోని మనలో ఎంతోమంది ఇంటి ముందల కిరాణం పెట్టుకున్నం. దుకాణానికి ముందు ఏం వేలాడుతున్నయి? ఐదు రూపాయల ప్యాకెట్ల దండలు. బస్తీ పిల్లలు అంగన్‌వాడీ నుంచి వచ్చి అక్కడనే నిలబడతరు. ఒకరోజు ఆ ప్యాకెట్ విప్పి కాంటా మీద పెట్టినాను. 11 గ్రాములు. లెక్క కడితే కిలో 450 రూపాయల పైన. అదే రోజు మా దుకాణంలో పల్లీలు కిలో 140, ఆలుగడ్డ కిలో 30. పేదోళ్ల తిండి చవక అనుకుంటం గదా. కూలి చేసుకునే తల్లి కిలో 450 పెట్టి పామాయిల్, పిండి, ఉప్పు కొంటున్నది. ఆ పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియా నుంచి ఓడల మీద వస్తది. ఐదు రూపాయలే కాబట్టి మనకు తెలుస్తలేదు.

మన తార్నాకలనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. వాళ్లు 2024ల మన దేశం వాళ్లు ఎట్ల తినాలో పదిహేడు సూచనలు ఇచ్చిన్రు. మన దేశంల జబ్బుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకనే అని అందులో రాసిన్రు. మన బస్తీలో ఏ ఇంట్ల షుగర్ గోలీలు లేవు, బీపీ గోలీలు లేవు, చేతులు లేపండి. చూసిన్రా. అదే సంస్థ పట్టికలో వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల పైన ఉంటది, తెల్ల బియ్యంలో పది కూడా లేదు. మోకాళ్ల నొప్పులని ఏడ్చే వాళ్లకు చెప్తున్నాను.

ఫ్యాక్టరీల తయారైనదంతా విషం అని నేను అనడం లేదు. అయోడిన్ ఉప్పు ప్యాకెట్‌లనే వస్తది, అది కావాలె. పాలు కాచి ప్యాకెట్ చేసినవి మంచివే. చిన్న రైతు పండించినదంతా అమృతం అని కూడా అనను. పండించినోడిని, చేసినోడిని అడిగితే జవాబు చెప్తడా, దాస్తడా, అది చూడాలె అంటున్నాను.

నేను మా దుకాణంలో దండలు తీసేయలేదు. తీసేస్తే పిల్లలు పక్క దుకాణానికి పోతరు, నా కిస్తు ఎవరు కడతరు? కానీ లోపలికి జరిపాను. ముందు గాజు సీసాలో వేయించిన పల్లీలు పెట్టాను, 25 గ్రాముల పొట్లం ఐదు రూపాయలు. పల్లీలకు మూడున్నర, కాగితం, గ్యాస్ కలిపి నాలుగు, రూపాయి మిగులుతది. ప్యాకెట్ మీద నాకు అర్ధ రూపాయే మిగులుతది. పదిమంది పిల్లల్లో ముగ్గురు పల్లీలు అడుగుతున్నరు. ఏడుగురు ఇంకా లోపలికి వేలు చూపిస్తున్నరు.

రెండు విషయాలు సమాఖ్య ముందు పెడుతున్నాను. ఒకటి, ఏ సంఘమైనా తాను తయారు చేయని సరుకు మీద సంఘం స్టిక్కర్ వేయొద్దని, వేస్తే తయారు చేసినోళ్ల పేరు రాయాలని తీర్మానం చేయాలె. ఆ హోల్‌సేల్ ఆయన మా దగ్గర నుంచి పోయి ఇంకో రెండు సంఘాలను అడిగిండని విన్నాను. వాళ్లకు అవసరం ఉంటది, నేను తప్పు పట్టను, నేనే మొదట చెయ్యి లేపినదాన్ని. కానీ సమాఖ్య తీర్మానం ఉంటే వద్దనడానికి వాళ్లకు ఒక ఆసరా ఉంటది.

రెండోది, కూరగాయలు. మన మాదన్నపేట మండీకి తెల్లారక ముందే ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుంచి వచ్చే చిన్న రైతులు ఉన్నరు. సరూర్‌నగర్ రైతుబజార్‌కు వచ్చేటోళ్లు ఉన్నరు, రైతుబజార్లు పెట్టింది 1999ల అందుకే గదా, మధ్యల దళారి లేకుండ. పది సంఘాలు కలిసి ఒక్కసారి కొంటే, రైతుకు మండీ రేటు కంటే రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినా మనకు తోపుడు బండి రేటు కంటే తక్కువే పడుతది. అంటే నూరు ఇండ్లు. ఒక్క ఆటో చాలు. మా సంఘం, పక్క బస్తీ సంఘాలు రెండు ఒప్పుకున్నయి. ఇంకో ఏడు కావాలె. వచ్చే ఆదివారం పొద్దున నాలుగున్నరకు నేను, ఆపా మండీ గేటు దగ్గర ఉంటం. రావాలనుకున్న సంఘం నుంచి ఒక్కరు రండి, ఇంటికి యాభై రూపాయల చొప్పున వసూలు చేసి, పేర్ల లిస్టుతోని రండి. సంచులు మీవే తెచ్చుకోవాలె.